వజ్రం తెచ్చి ఎవరికిస్తారు?

2025 జులై 24న ‘హరిహర వీరమల్లు’ మొదటి భాగం విడుదలయింది. మర్నాడు నరసరావుపేటలో నేను తెలుగు చెప్పే తరగతికి సగం మందే వచ్చారు. వచ్చిన సగం మందికీ ఆ చిత్రం గురించి తప్ప మరో మాట లేదు. కోహినూరు వజ్రం మన కొల్లూరులో దొరికిందట. అది ఢిల్లీలో ఔరంగజేబు గుప్పిట్లో వుందట. మన వీరుడు వెళ్లి దాన్ని కొల్లగొట్టుకు వస్తాడట. మన నేల సంగతి వెండితెరకెక్కితే పిల్లలకు గర్వం కలగడం సహజమే. కాసేపు విందామని పుస్తకం మూశాను. అప్పుడు వెనక వరసలోంచి ఒక కుర్రవాడు, పెద్దగా మాట్లాడే అలవాటు లేనివాడు, “తెచ్చి ఎవరికిస్తాడు సార్?” అన్నాడు.

తరగతి ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ కుర్రవాడి కుటుంబం పులిచింతల జలాశయంలో మునిగిన గ్రామాల నుంచి లేచి వచ్చింది. కొల్లూరు కూడా ఆ నీళ్ల అడుగునే వుంది. ఈ సంగతి నాకు గుర్తుకు వచ్చేసరికి గంట కొట్టారు, తరగతి అయిపోయింది. నవ్వినందుకు సిగ్గుపడుతూ ఈ వ్యాసం రాస్తున్నాను. అతని ప్రశ్నకు ఆనాడు నేను జవాబు చెప్పలేదు. గోల్కొండ నవాబు పురమాయించాడు గనక నవాబుకే ఇవ్వాలన్నది కథలో ఒప్పందం. వీరుడి మనసులో అంతకన్నా పెద్ద ధ్యేయం వుందనీ, అది ధర్మరక్షణ అనీ తర్వాత తెలుస్తుంది. నవాబూ ధర్మమూ తప్ప మూడో హక్కుదారు ఎవరైనా వున్నారా అనే ప్రశ్న పుట్టకుండా చూడడమే ఆ చిత్రం చేసిన అసలు పని అని నా వాదన.

ఇలాంటి కథలకు అమెరికా చిత్రాల్లో ఒక ప్రత్యేక జాతి వుంది. నలుగురు చేరతారు, పథకం వేస్తారు, భద్రంగా దాచిన సొమ్మును ఎత్తుకుపోతారు. పథకం పారుతుందా లేదా అన్నదే ప్రేక్షకుడి ఆత్రం. దీనికి యుద్ధాన్ని జోడిస్తే సాహసం విలువ మరింత పెరుగుతుంది. తెలుగులో దీన్ని దోపిడీ కథ అనాలి. ఆ మాట మనకు వొక మేలు చేసింది. దారి కాచి సొమ్ము లాక్కోవడమూ దోపిడీయే; కూలివాడి శ్రమఫలాన్ని యజమాని కాజేయడమూ దోపిడీయే. ఒకటి చట్టం శిక్షించేది, రెండోది చట్టం కాపాడేది. అయినా జనం రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నారు. పైగా మొదటి దోపిడీ జరగాలంటే అంతకుముందే రెండోది జరిగివుండాలి. కోశాగారంలో సొమ్ము పోగుపడితేనే గదా దొంగ కన్నం వేసేది! అందుచేత దోపిడీ కథకు దిగిన దర్శకుడు ముందుగా తేల్చుకోవలసింది కన్నం ఎక్కడ వెయ్యాలన్నది కాదు, సొమ్ము ఎవరిదన్నది.

ఈ ప్రశ్నను కథ నడిమధ్యలో వేసుకుని, తన కథను తానే తలకిందులు చేసుకున్న దర్శకుడు అమెరికాలో ఒకాయన వున్నాడు. పేరు డేవిడ్ ఓ. రస్సెల్. చిత్రం ‘త్రీ కింగ్స్’, 1999లో వచ్చింది. అంతకుముందు ఆయన తీసినవి రెండే చిన్న చిత్రాలు. రెండూ కుటుంబ సంబంధాల వికారాల మీద తీసిన హాస్య చిత్రాలు. అలాంటి తిక్క దర్శకుడు వార్నర్ బ్రదర్స్ వారి డబ్బుతో యుద్ధ చిత్రం తీశాడు. తరగతిలో జరిగిన దాని తర్వాత నేను ఆ చిత్రాన్ని మళ్లీ చూశాను. ఆ కుర్రవాడి ప్రశ్నకు దాని దగ్గర సగం జవాబైనా దొరుకుతుందని నమ్మకం.

కథ 1991 మార్చిలో జరుగుతుంది. కువైటు నుంచి ఇరాకు సేనలను తరిమివేశారు, యుద్ధం ముగిసింది. అమెరికా సైనికులు ఎడారిలో తాగి చిందులు వేస్తున్నారు. ఒక ఇరాకీ బందీ తన మలద్వారంలో దాచుకున్న పటం దొరుకుతుంది. సద్దాం హుసేను కువైటు నుంచి దోచుకున్న బంగారం ఏ భూగర్భ గిడ్డంగిలో వుందో ఆ పటంలో వుంది. నలుగురు సైనికులు దొంగతనంగా బయలుదేరతారు. ఇంతవరకూ ఇది నవ్వు పుట్టించే దొంగల కథే. అయితే అదే సమయంలో ఇరాకులో మరో కథ నడుస్తోంది. సద్దామును దించివేయండని ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ ఇరాకు ప్రజలకు పిలుపు ఇచ్చాడు. ఆ మాట నమ్మి జనం తిరగబడ్డారు. తిరగబడ్డ తర్వాత అమెరికా సేనలు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాయి. సద్దాం సైనికులు ఆ జనాన్ని ఊచకోత కోశారు. ఇది చరిత్ర.

దర్శకుడు ఈ రెండు కథలనూ ఒకే వీధిలో ఎదురెదురుగా నిలబెట్టాడు. దొంగలు ఊళ్లోకి వస్తారు. ఆకలితో అలమటిస్తున్న జనం ముందు పాలలారీ పేలి పాలన్నీ మట్టిపాలవుతాయి. గిడ్డంగిలో బంగారం దొరుకుతుంది. విచిత్రమేమంటే దాన్ని తీసుకుపొమ్మని ఇరాకీ సైనికులే దారి ఇస్తారు. వాళ్లకు కావలసింది తిరుగుబాటుదార్లు. బంగారం మీకు, జనం మాకు: దోపిడీదార్ల మధ్య ఇంతకన్నా సూటి అయిన ఒడంబడిక వుండదు. లారీ ఎక్కబోతుండగా ఒక తల్లిని, భర్తా బిడ్డా చూస్తుండగా, తలలో కాల్చి చంపుతారు. అక్కడ కథ విరుగుతుంది. అంతవరకూ సొమ్ము వైపు చూసిన కళ్లు ఆ సొమ్ము చుట్టూ వున్న మనుషుల వైపు తిరుగుతాయి.

ఈ దర్శకుడి తిక్క పోకడల గురించి చాలామంది రాశారు. తుపాకీగుండు శరీరం లోపల ఎలా ప్రయాణిస్తుందో, పేగుల్లో ఏం జరుగుతుందో ఆయన తెర మీద చూపిస్తాడు. అది చూసి జుగుప్స పడినవారున్నారు. నా దృష్టిలో అది ఆ చిత్రంలోకెల్లా నైతికమైన దృశ్యం. మామూలు యుద్ధ చిత్రంలో గుండ్లు వానలా కురుస్తాయి, ఏ ఒక్కదానికీ లెక్క వుండదు. ఇక్కడ ఒక్క గుండుకు లెక్క కట్టి చూపించాడు గనక, తర్వాత పేలే ప్రతి గుండు దగ్గరా ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. మరో చోట, పట్టుబడిన అమెరికా సైనికుణ్ణి ఒక ఇరాకీ అధికారి ప్రశ్నిస్తాడు. ఆ అధికారి పసిబిడ్డ అమెరికా బాంబు వల్ల ఉయ్యాలలోనే చనిపోయాడు. మీరు ఇక్కడికి ఎందుకు వచ్చారంటే, ఈ ప్రాంతంలో సుస్థిరత కోసమని సైనికుడు పాఠం అప్పజెబుతాడు. అధికారి వాడి నోట్లో ముడిచమురు పోస్తాడు. ఒక్క సంభాషణ అవసరం లేకుండా యుద్ధకారణం గొంతులోకి దిగుతుంది. తిక్క అంటే ఇది. వింతగా కనిపించడానికి చేసిన పని కాదు. అందరూ ఒప్పుకున్న అబద్ధాన్ని చూపించడానికి తిన్నని దారి లేనప్పుడు వంకర దారి పట్టడం.

ఈ చిత్రాన్ని నెత్తికెత్తుకోమని నేను చెప్పడం లేదు. దాని హద్దులు దానికి వున్నాయి. ఇరాకీ ప్రజలు తమను తాము విముక్తం చేసుకునే శక్తిగా అందులో కనిపించరు. మంచి అమెరికావాడు వచ్చి కాపాడితే ప్రాణాలతో బయటపడే దీనులుగానే చాలామటుకు మిగులుతారు. బంగారం చివరికి కువైటుకే చేరుతుంది. అది ఆ దేశపు షేకులదా, అక్కడ చాకిరీ చేసే పరదేశపు కూలీలదా అన్న ప్రశ్న దర్శకుడికి తట్టలేదు. 1991లో అమెరికా పని సగంలో వదిలేసిందని బాధపడే ఈ చిత్రాన్ని, 2003లో ఇరాకు మీద జరిగిన దురాక్రమణకు సమర్థనగా వాడుకోవాలంటే వాడుకోవచ్చు. ఇన్ని లోపాలున్నా ఒక్క సుగుణం వుంది. ముగింపులో ఆ సైనికులు శరణార్థులను ఇరాను సరిహద్దు దాటించడానికి బంగారాన్ని వదులుకుంటారు. సొమ్మా మనుషులా అన్న తగువు వచ్చినప్పుడు చిత్రం తీర్పు చెప్పింది. తీర్పు చెప్పడానికి ముందు, తగువు వుందని ఒప్పుకుంది.

ఇక మన చిత్రం దగ్గరికి వద్దాం. రాజుల సొమ్ము కొల్లగొట్టి పేదలను ఆదుకునే దొంగ, వజ్రం కోసం ఢిల్లీకి ప్రయాణం, దారిలో యుద్ధాలు: దోపిడీ కథకు కావలసిన సరంజామా అంతా వుంది. వజ్రం పుట్టిన గని కూడా వుంది. లేనిదల్లా గనికీ ప్రయాణానికీ సంబంధం. కథ గనిని వదిలి బయలుదేరిన తర్వాత, ఆ గనిలో చెమటోడ్చినవాడు వజ్రం మీద హక్కుదారుగా మళ్లీ తలెత్తడు. దారి పొడుగునా తలెత్తేది మతం. జిజియా పన్ను, ఆలయాలు, ధర్మం. మొదటి భాగమనే పేరుతో కథ మధ్యలో ఆగేసరికి, వజ్రం సంగతి దాదాపు మరుగున పడి ఇద్దరు మనుషుల రూపంలో రెండు మతాలు ఎదురుబొదురుగా నిలబడతాయి.

కొల్లూరులో నిజంగా ఏం జరిగింది? కోహినూరు అక్కడే దొరికిందనడానికి నిక్కమైన ఆధారం లేదు, అది జనశ్రుతి. కాని కొల్లూరు గని మాత్రం జనశ్రుతి కాదు. 1620 ప్రాంతాల్లో దాన్ని చూసిన ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్ అక్కడ 30,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. తర్వాత వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆ సంఖ్యను 60,000 అన్నాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. కర్నూలు సీమలోని రామళ్లకోట గనిలో పనిచేసేవారికి ఏడాదికి మూడు వరహాలు కూలి అని కూడా అతనే రాశాడు. పెద్ద రాళ్లు రాజుగారికి చెందాలని కట్టడి. గోచీ తప్ప వొంటి మీద మరో గుడ్డ లేని ఆ కూలీలు, కూలి చాలక, అప్పుడప్పుడూ చిన్న రాయిని మింగేవారు. ఒకడు కంటికొలకులో రాయి దాచి పట్టుబడ్డాడు. కూలీలను కనిపెట్టి వుండడానికి కావలివాళ్లను పెట్టేవారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కంటికొలకులో వజ్రం! ఏ తిక్క దర్శకుడూ ఊహించలేని దోపిడీ కథ ఇది. తన చేత్తో మట్టిలోంచి తీసిన రాయిని తన కంట్లో దాచుకున్నవాడు దొంగ. కూర్చున్న చోటు నుంచి కదలకుండా దాన్ని సింహాసనంలో పొదిగించుకున్నవాడు చక్రవర్తి. ఈ ఒక్క దృశ్యం తెర మీదికి వచ్చివుంటే, వజ్రం ఔరంగజేబుదా, నవాబుదా అన్న తగువు నవ్వులాట అయిపోయేది.

పెద్ద దోపిడీ కథ మరొకటి వుంది. పారశీకం నుంచి వచ్చిన మీర్ జుమ్లా గోల్కొండలో వజ్రాల వ్యాపారం చేసి, గనులు గుత్తకు పట్టి, సుల్తానుకు మంత్రి అయ్యాడు. సుల్తానుతో చెడ్డాక, 1656 నాటికి మొగలుల పక్షం చేరిపోయాడు. షాజహానుకు అతను బ్రహ్మాండమైన వజ్రం కానుకగా ఇచ్చాడని టావెర్నియే చెబుతాడు. యుద్ధమూ రాజకీయమూ వజ్రమూ మూడూ వున్న ఈ దోపిడీలో మతం ఎక్కడుంది? దోచినవాడూ ముసల్మానే, నష్టపోయినవాడూ ముసల్మానే, లాభపడినవాడూ ముసల్మానే. మట్టి మోసినవాళ్ల మతం ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ లేదు, వాళ్ల తట్టలు అడిగారు గాని.

“అయితే ఔరంగజేబు జిజియా విధించలేదా?” అని అడుగుతారు. విధించాడు, 1679లో. అది అన్యాయపు పన్నే. దాన్ని దాచవలసిన పని మనకు లేదు. కాని అదే ఔరంగజేబు 1687లో ముట్టడించి పట్టుకున్న గోల్కొండ ఎవరిది? ముసల్మాను సుల్తానుది. ఆ సుల్తాను దగ్గర పెత్తనం చేసినవారెవరు? అక్కన్న మాదన్నలు, బ్రాహ్మణులు. ఆ పెత్తనంలో పన్నుల గుత్తలు ఆగాయా? రైతు గింజ రైతుకు మిగిలిందా? పాలకుడి మతాన్ని బట్టి పన్ను న్యాయాన్యాయాలు తేల్చేవాడు రేపు తన మతంవాడు వేసిన పన్నును ప్రసాదంలా కళ్లకద్దుకోవలసి వస్తుంది. పన్ను మీద కోపం తెప్పించే చిత్రమే కావాలంటే పల్నాడు దాటనక్కర్లేదు. అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టమంటే కట్టమని తిరగబడి, 1922లో కాల్పులకు బలి అయిన కన్నెగంటి హనుమంతు మన మించాలపాడువాడు. ఆ పుల్లరి గొడ్డుకు ఇంత అని లెక్క. గొడ్డు యజమాని ఏ దేవుడికి మొక్కుతాడని కాదు.

“కళాకారుడికి స్వేచ్ఛ లేదా? వీరమల్లు కల్పిత పాత్ర అని వాళ్లే చెప్పారు గదా?” అని మరో వాదన. కల్పనకు నేను వ్యతిరేకిని కాను. ‘త్రీ కింగ్స్’లో ఆ నలుగురు సైనికులూ కల్పితులే. కల్పన నిజాన్ని వెలికితీయడానికి ఉపయోగపడిందా, కప్పిపుచ్చడానికా అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

ఈ చిత్రాన్ని మొదలుపెట్టిన దర్శకుడు జాగర్లమూడి క్రిష్ కావడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆయనకు ఈ ప్రశ్న తెలియదని అనడానికి వీల్లేదు. ఆయన 2010లో తీసిన ‘వేదం’లో ఒక బస్తీ కుర్రవాడు డబ్బు కోసం ఆసుపత్రిలో దొంగతనం చేస్తాడు. ఆ డబ్బు అప్పుల్లో మునిగిన చేనేత కుటుంబం మూత్రపిండం అమ్ముకుని తెచ్చుకున్నది. సొమ్ము ఎవరిదో తెలిసిన తర్వాత ఆ దొంగ దాన్ని దగ్గర వుంచుకోలేకపోతాడు. ఇరాకు ఎడారిలో రస్సెల్ చేసిన పని మన ఆసుపత్రి వరండాలో క్రిష్ చేశాడు; నా మటుకు నాకు ఇదే మెరుగు, ఎందుకంటే ఇక్కడ కాపాడడానికి పరదేశపు సైనికుడు రాడు. 2012లో ‘కృష్ణం వందే జగద్గురుమ్’లో గనుల దోపిడీనీ, 2015లో ‘కంచె’లో ప్రపంచయుద్ధాన్నీ ఊరి కులాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. దొంగతనం, గని, యుద్ధం: మూడు పాఠాలూ చదివిన దర్శకుడు మూడూ కలిసిన కథ చేతికి వచ్చేసరికి సగంలో తప్పుకున్నాడు. మిగిలింది జ్యోతికృష్ణ పూర్తిచేశాడు. ఏ దృశ్యం ఎవరిదో విడదీయడం నా పని కాదు. దర్శకుడు మారినంత మాత్రాన చిత్రం చెడాలనీ లేదు. ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ తీసిన గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన ‘పల్నాటి యుద్ధం’ ఆయన మరణం తర్వాత ఎల్.వి. ప్రసాద్ చేతుల్లో పూర్తయి 1947లో వచ్చింది, జనం ఆదరించారు.

కాబట్టి మనుషుల్ని వదిలి పరిస్థితిని చూడాలి. వీరుడి వేషం వేసిన నటుడు విడుదల నాటికి రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి. చిత్రానికి టిక్కెట్టు ధర పెంచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది ఆయన భాగస్వామిగా వున్న ప్రభుత్వమే. రాజ్యాధికారంలో వున్నవాడు తెర మీద రాజ్యాన్ని దోచే దొంగగా నటించినప్పుడు, ఆ దొంగతనం ఏ రాజ్యం మీద జరగాలి? మూడు వందల ఏళ్ల కింద చచ్చిన రాజ్యం మీదనే జరగాలి. బతికి వున్న ఏ గనిదారుకూ, ఏ గుత్తేదారుకూ దానివల్ల నొప్పి కలగరాదు. మతం ఇక్కడ ఆ పనికి వచ్చింది. పేదవాడి కోపాన్ని చచ్చిన చక్రవర్తి వైపు తిప్పితే బతికివున్న దొర నిశ్చింతగా నిద్రపోతాడు. కోపానికి అయిన ఖర్చు కూడా పెంచిన టిక్కెట్టు రూపంలో పేదవాడే భరిస్తాడు.

వజ్రం తర్వాతి చరిత్ర చూడండి. 1739లో నాదిర్షా ఢిల్లీని కొల్లగొట్టి తీసుకుపోయాడు. అఫ్గాను రాజుల చేతులు మారింది. 1813లో రంజిత్‌సింగు షాషుజా నుంచి రాబట్టాడు. 1849లో పంజాబును కలుపుకున్న ఇంగ్లీషువాళ్లు పదేళ్ల పిల్లవాడు దులీప్‌సింగు చేత సంతకం పెట్టించి పట్టుకుపోయారు. 1852లో దాన్ని సాన పట్టించి 186 క్యారట్ల రాయిని 105కు తగ్గించారు. ఇప్పుడు లండను కోటలో కిరీటంలో వుంది. 2016లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, దాన్ని ఎవరూ దొంగిలించలేదు, బలవంతాన తీసుకుపోలేదు అని భారత ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ చెప్పారు. గోల చెలరేగాక, తిరిగి తేవడానికి ప్రయత్నిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. తెర మీద ఔరంగజేబు కోటకు కన్నం వేసే శౌర్యం, న్యాయస్థానంలో లండను కోట ముందు ఇంత మర్యాద పాటించింది!

ఈ చేతులు మారిన జాబితాలో పారశీకులున్నారు, అఫ్గానులున్నారు, సిక్కులున్నారు, క్రైస్తవులున్నారు. ఏ మతంవాడి చేతిలో వున్నప్పుడూ ఒక్క క్యారటు విలువైనా కొల్లూరుకు తిరిగి రాలేదు. వచ్చినదల్లా నీరు. 2013లో పులిచింతల ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. కృష్ణా డెల్టా పంటలకు ఆ నీరు అవసరమే, నేను కాదనను. కాని డెల్టా పచ్చగా వుండడానికి ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు దేన్ని వదులుకున్నారో చెప్పే చిత్రం ఇంతవరకు నేను చూడలేదు. వాళ్ల తాతముత్తాతలు తట్టలతో మోసిన మట్టి మీద ఇప్పుడు జలాశయం నిలబడి వుంది.

సోమవారం తరగతిలో ఆ కుర్రవాణ్ణి లేపి, నవ్వినందుకు క్షమించమన్నాను. కూలీల కథా కంటికొలకు కథా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అతను, “అట్లయితే కంట్లో దాచుకున్నోడికే ఇవ్వాలి గదా సార్” అన్నాడు.

అభ్యుదయ సాహిత్యం చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను చెప్పదలచిందీ ఇదే. దోపిడీ కథ చూడబోయినప్పుడల్లా ఈ ప్రశ్న జేబులో పెట్టుకుని వెళ్లండి. రెండో భాగం వస్తే దానికీ వెళ్లండి. వీరుడు వజ్రం తెస్తాడో తేడో నాకు తెలియదు. తెస్తే, అది ఎవరి కంటికొలకు లోంచి పోయిందో అతన్ని అడగండి.